‘ఇక మారిపోయా’ అన్నాడు సరే... మర్నాడు ఏం చేశాడు?

ఆదివారం సాయంత్రం కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి చూడండి. మలుపు మలుపుకీ ఓ బైకు ఆగి ఉంటుంది. ఒకరు సెల్ఫీ తీస్తుంటారు, ఒకరు అలిగి అటు తిరిగి కూర్చుంటారు. పైన కోట గోడలు, కింద పత్తి చేలు, మిర్చి చేలు. దూరంగా హైవే మీద లారీలు చీమల్లా కదులుతుంటాయి.

అలా అలిగి కూర్చున్న ఒకమ్మాయిని ఊహించుకుందాం. ఊరు ఎడ్లపాడు. డిగ్రీ అయింది. హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తుంది. మూడేళ్ళుగా ఒకబ్బాయిని ప్రేమిస్తోంది. పోయిన సంక్రాంతికి అతని ఫోన్‌లో ఇంకో అమ్మాయితో చాట్ కనపడింది. ‘గుడ్ నైట్’ దగ్గర ఆగే చాట్ కాదది. పెద్ద గొడవ. నంబర్ బ్లాక్. ఇరవై రోజులు పోయాక అతను వీధి చివర నిలబడి ఒకే ముక్క అన్నాడు.

“నీ మీదొట్టు. ఇక మారిపోయా.”

ఇప్పుడా అమ్మాయి ఏం చేయాలి? వదినని అడిగితే, “మగాళ్ళు అట్టాగే ఉంటారులే. పెళ్ళయి పిల్లలు పుడితే వాళ్ళే దారికొస్తారు” అంటుంది. ఫ్రెండుని అడిగితే, “కుక్క తోక వంకర పోయిద్దా? వదిలెయ్యి ఎదవని” అంటుంది. ఒకరు పూర్తిగా నమ్మమంటారు, ఒకరు పూర్తిగా వదిలేయమంటారు. మధ్యలో నిద్ర లేనిది ఆ అమ్మాయికే.

ఇక్కడ అబ్బాయి అని రాశాం గానీ, మోసపోయింది అబ్బాయి, మాట తప్పింది అమ్మాయి అయినా ప్రశ్న ఇదే. ప్రేమించిన మనిషి నిజంగా ఎదుగుతారా? ఒకరికే కట్టుబడి ఉండటం అనేది వయసుతో వస్తుందా, పెళ్ళితో వస్తుందా, అసలు వస్తుందా?

దీనికి జవాబు వెతకడానికి గూగుల్ దాకా పోనక్కర్లేదు. ముందు ఆ కొండ చుట్టుపక్కలే చూద్దాం.

మన దగ్గర మూడు కథలున్నాయి

మొదటిది పల్నాటి కథ. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. ఇంట్లో పెళ్ళాం మాంచాల ఉంది. మనసు మాత్రం శ్యామాంగి అనే వేశ్య దగ్గర ఉంది. పెళ్ళయిన మాటే మర్చిపోయినట్టు తిరిగాడు. కారంపూడిలో యుద్ధం మొదలైందని తెలిశాక అతని రక్తం ఉడికింది. వెళ్ళే ముందు భార్య దగ్గర సెలవు తీసుకోమని తల్లి పంపింది. అన్నాళ్ళూ గడప తొక్కని మొగుడు అప్పుడొచ్చాడు. మాంచాల ఏడ్చి కాళ్ళు పట్టుకోలేదు, తలుపూ వెయ్యలేదు. వచ్చిన పని గుర్తుచేసి వీరుడిగా సాగనంపింది. అతను యుద్ధానికి పోయి అక్కడే ప్రాణం వదిలాడు. ఇప్పటికీ కార్తీకమాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. పల్నాడులో మాంచాల పేరు తెలియని ఇల్లుండదు.

ఈ కథకి, కొండవీడుకి ఓ చిన్న చుట్టరికం కూడా ఉంది. ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథుడి పేరు మీద ఉంది. ఆ శ్రీనాథుడు కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా పనిచేశాడు. మీరు సెల్ఫీ దిగే కోట ఆయన కొలువు చేసిన కోటే.

రెండోది వేమన కథ. వేమన ఎక్కడివాడు, ఏ కాలంవాడు అనే దానిమీద పండితుల్లో ఇవాళ్టికీ వాదనలున్నాయి. కానీ జనంలో తిరిగే కథ మాత్రం ఆయన్ని కొండవీటి రాజుగారి తమ్ముణ్ణి చేసింది. ఆ కథ ప్రకారం ఆయన కుర్రతనంలో ఒక వేశ్య మోజులో పడి ఇంట్లో డబ్బంతా తగలేశాడు. చివరికి ఆవిడ వదినగారి నగే కావాలంది. వదిన కోప్పడలేదు. నగ ఇస్తూనే ఒక షరతు పెట్టి కళ్ళు తెరిపించింది. అక్కణ్ణుంచి మనిషి మారిపోయి యోగి అయ్యాడంటారు. 1947లో వచ్చిన ‘యోగి వేమన’ సినిమాలో నాగయ్య ఆ వేషం వేశారు. ఇంట్లో తాతయ్య ఉంటే అడగండి, చెబుతారు.

మూడోది పుస్తకంలో ఉంది. 1910లో గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’. గోపాలరావు అనే చదువుకున్న పెద్దమనిషి సానుల పాటకచేరీల మోజులో రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికొస్తాడు. చూస్తే భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. పుట్టింటికి వెళ్ళిపోయానని ఆ ఉత్తరం సారాంశం. అంతే, అయ్యగారికి కాళ్ళ కింద నేల కదిలింది. నౌకరు ముందే పశ్చాత్తాపపడ్డాడు, ఇక బుద్ధిగా ఉంటానన్నాడు. ఇంతకీ కమలిని ఎక్కడికీ పోలేదు. మంచం కింద దాక్కుని అంతా వింటోంది. ఆమె నవ్వుతో కథ అయిపోతుంది.

చూశారా? మూడు కథల్లోనూ మగవాడు దారి తప్పాడు, మూడింట్లోనూ మారాడు. అంటే మన పెద్దలు ‘మారతాడు’ అనే చెప్పినట్టా?

కథ ఆగిన చోటే అసలు కథ మొదలు

ఒక్కసారి ఆగి ఆలోచించండి. బాలచంద్రుడు మాంచాల దగ్గరికొచ్చిన తర్వాత ఎన్నాళ్ళు బతికాడు? యుద్ధం అయ్యేదాకానే. తిరిగొచ్చి ఉంటే, ఓ ఆర్నెల్లు పోయాక శ్యామాంగి కబురు పంపి ఉంటే ఏం చేసేవాడు? మనకి తెలీదు. మాంచాలకీ తెలుసుకునే అవకాశం రాలేదు.

వేమన మారాడు నిజమే. కానీ ఎలా మారాడు? ఇల్లొదిలి యోగి అయ్యాడు. ఊరందరికీ మంచి చెప్పాడు గానీ, ఒక మనిషి పక్కన ఇరవై ఏళ్ళు నమ్మకంగా నిలబడటం అనే పరీక్ష ఆయన రాయలేదు. అది వైరాగ్యం. మనం అడుగుతున్నది సంసారం.

ఇక గోపాలరావు. ఆ రాత్రి అతను అన్న మాటలు నిజంగానే గుండెలోంచి వచ్చి ఉండొచ్చు. కానీ మర్నాడు సాయంత్రం ఏడింటికి పాత స్నేహితుడు గుమ్మం ముందుకొచ్చి “రావోయ్, ఇవాళ మంచి కచేరీ ఉంది” అని పిలిచినప్పుడు ఏమన్నాడు? గురజాడ అది రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు. చిన్న కథ కాబట్టి నవ్వు దగ్గర ఆపేశారు.

మన జీవితం నవ్వు దగ్గర ఆగదు. సినిమాల్లోనూ ఇదే తంతు. చివరి పది నిమిషాల్లో హీరో వానలో నిలబడి సారీ చెప్తాడు, శుభం కార్డు పడుతుంది. మనకి వాన వెలిశాక బట్టలు ఆరేసుకునే పని ఉంటుంది. అందుకే ‘మారిపోయా’ అన్న మాట నిజమా అబద్ధమా అని గింజుకోకండి. చాలాసార్లు అన్న క్షణానికి అది నిజమే. కన్నీళ్ళూ నిజమే. పోగొట్టుకుంటానన్న భయం ఎవరి చేతనైనా ఆ మాట అనిపిస్తుంది. భయం తగ్గాక ఏం మిగిలిందన్నదే చూడాలి. ఆ సంగతి మర్నాడు, వచ్చే నెల, వచ్చే సంక్రాంతి చెప్పాలి.

వయసొస్తే బుద్ధొస్తుందా?

కొంతవరకు వస్తుంది. ముందు ఆ మంచి మాట చెప్పుకుందాం.

మనిషి స్వభావం కాలంతో ఎలా మారుతుందో చాలా ఏళ్ళు వెంటపడి చూసిన పరిశోధనలున్నాయి. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు అలాంటి 92 బృందాల సమాచారాన్ని ఒక చోట చేర్చి చూశారు. ఇరవైల నుంచి నలభై దాకా సగటున మనుషుల్లో బాధ్యత, మనసు నిలకడ పెరుగుతాయని తేలింది. తొందరపాటుకి కళ్ళెం వేసే మెదడు ముందు భాగం కూడా పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఇంటర్ చదివేటప్పుడు ముగ్గురికి ఒకేసారి ప్రేమలేఖలు రాసినవాడు ముప్ఫై ఏళ్ళకి బంగారం లాంటి మొగుడు అవ్వొచ్చు. అలాంటి వాళ్ళు మీ వీధిలోనే ఉంటారు.

ఇప్పుడు రెండో మాట. 2017లో అమెరికాలోని డెన్వర్ యూనివర్సిటీ పరిశోధకులు 484 మందిని రెండు వరస ప్రేమబంధాల్లో గమనించారు. మొదటి బంధంలో మోసం చేసినట్టు ఒప్పుకున్నవాళ్ళు, అలా చేయని వాళ్ళతో పోలిస్తే, తర్వాతి బంధంలోనూ ఆ పని చేసే అవకాశం మూడు రెట్లు ఎక్కువని తేలింది. జాగ్రత్తగా చదవండి. మూడు రెట్లు ఎక్కువ అంటే ‘అందరూ మళ్ళీ చేస్తారు’ అని కాదు. చేయనివాళ్ళూ ఉన్నారు. కానీ ‘అదేదో చిన్నతనంలే, పోయింది’ అని కళ్ళు మూసుకోవడానికీ లేదు.

రెండూ కలిపి చూస్తే తేలేది ఇదీ. వయసు సాయం చేస్తుంది, పని మాత్రం ఆ మనిషే చేయాలి. నాటిన మిరపనారు వానకి పెరుగుతుంది, నిజమే. కలుపు తీయకపోతే అదే వానకి కలుపూ పెరుగుతుంది.

కట్టుబడటం ఎక్కడ నుంచి వస్తుంది?

కెరిల్ రస్‌బల్ట్ అనే సైకాలజిస్టు 1980ల్లో దీనికి ఒక లెక్క చెప్పారు. మనం ఒక బంధంలో ఎందుకు నిలబడతాం అంటే మూడు కారణాలు. ఒకటి, ఆ బంధంలో మనకి సంతోషం ఉందా? రెండు, దానిలో మనం ఎంత పెట్టుబడి పెట్టాం? పెట్టుబడి అంటే డబ్బొక్కటే కాదు. టైము, పంచుకున్న రహస్యాలు, ఇద్దరికీ తెలిసిన స్నేహితులు, ఇంట్లో పడ్డ తిట్లు కూడా. మూడు, ఇంతకంటే మంచిది బయట దొరుకుతుందనిపిస్తోందా?

ఆ మూడోదే మన తరానికి పెద్ద తలనొప్పి. ఇదివరకు ఎడ్లపాడు కుర్రాడికి బయట కనపడే అమ్మాయిలు అంటే కాలేజీ, బస్టాపు, పెళ్ళి పందిరి. ఇప్పుడు ఇన్‌స్టా తెరిస్తే ప్రపంచమంతా అరచేతిలో ఉంది. ‘హాయ్’ అని పంపడానికి రూపాయి ఖర్చు లేదు. ఎదురుగా ఉన్న మనిషికి తలనొప్పి, కోపం, నెలసరి, అప్పులు అన్నీ ఉంటాయి. రీల్‌లో మనిషికి ముప్ఫై సెకన్ల నవ్వు తప్ప ఏమీ ఉండదు. ఈ రెంటినీ పోల్చుకుంటూ కూర్చుంటే ఎవరూ ఎవరికీ కట్టుబడలేరు.

అందుకే కట్టుబడి ఉన్నవాళ్ళకి బయట ఎవరూ అందంగా కనపడరు అనుకోకండి. కనపడతారు. చూసి, అక్కడితో ఆపేస్తారు. ఆ ఆపడం ఎవరూ చూడరు, ఎవరూ లైక్ కొట్టరు. అది రోజూ చేసుకునే చిన్న నిర్ణయం.

డెన్వర్ యూనివర్సిటీలోనే స్కాట్ స్టాన్లీ, ఆయన తోటివాళ్ళు ఇంకో మాట చెప్పారు. కొన్ని జంటలు నిర్ణయించుకుని ముందుకెళ్తాయి, కొన్ని జారుకుంటూ పోతాయి అని. చాట్ మొదలైంది, కలిశారు, అలవాటైంది, మూడేళ్ళయింది. ‘మనం ఏమవుతాం?’ అని ఏ ఒక్క రోజూ కూర్చుని మాట్లాడుకోలేదు. అలాంటి బంధంలో ఒకరు ‘మోసం’ అంటే, రెండోవాళ్ళు ‘మనమేమైనా పెళ్ళి చేసుకున్నామా?’ అంటారు. హద్దు గీయకుండానే హద్దు దాటావని కొట్టుకోవడం ఇది. మీ ఇద్దరికీ ఏది తప్పో, ఏది కాదో నోరు విప్పి మాట్లాడుకున్నారా? పాత లవర్‌కి బర్త్‌డే విషెస్ సరేనా? అర్ధరాత్రి చాట్ సరేనా? డిలీట్ చేసిన మెసేజ్ సరేనా? సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకోండి.

కోల్డ్ స్టోరేజీ ప్రేమ

గుంటూరు చుట్టుపక్కల రైతుకి కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పక్కర్లేదు. రేటు లేకపోతే మిర్చి టిక్కీలు తీసుకుపోయి అందులో పెడతాడు. రేటొచ్చినప్పుడు తీస్తాడు. మిర్చికి ఆ పద్ధతి బాగుంటుంది. మనిషికి కాదు.

కొందరు ప్రేమికులు అచ్చం ఇదే చేస్తారు. “ఈ ఏడు పంట డబ్బులు రానీ, మా నాయనతో మాట్లాడతా.” “అక్క పెళ్ళవనీ.” “జాబ్ రానీ.” “కానిస్టేబుల్ రిజల్ట్ రానీ.” ఒక్కో కారణం విడిగా చూస్తే న్యాయమే. మన ఊళ్ళలో కులం వేరైతే ఇంట్లో నోరెత్తడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. భయపడేవాణ్ణి మోసగాడు అనకూడదు. మరి భయానికీ మోసానికీ తేడా ఎలా పట్టుకోవాలి?

చిన్న గుర్తు ఉంది. భయపడే మనిషి చిన్న అడుగైనా వేస్తాడు. నాన్నతో కాకపోతే అక్కతో చెప్తాడు. అక్కతో కాకపోతే ప్రాణ స్నేహితుడికి పరిచయం చేస్తాడు. ‘ఉగాదికి అమ్మకి చెప్తా’ అని తేదీ పెడతాడు. ఆ రోజు చెప్పలేకపోతే తనే ముందు ఫోన్ చేసి “ఈసారి నా వల్ల కాలేదు” అని ఒప్పుకుంటాడు. కోల్డ్ స్టోరేజీ మనిషికి తేదీలుండవు. మీరు అడిగినప్పుడే ఆ ఊసు వస్తుంది. అడిగితే కోపం కూడా వస్తుంది. మూడేళ్ళయినా అతని జీవితంలో మీరున్నట్టు ఒక్క మనిషికీ తెలీదంటే, రేటు కోసం ఎదురుచూస్తున్నాడేమో ఆలోచించుకోండి.

పెళ్ళి చేస్తే సరిపోద్దా?

వదిన మాట గుర్తుందిగా? “పెళ్ళయితే దారికొస్తాడు.” ఈ మందు మన ఇళ్ళలో తరతరాలుగా వాడుతున్నారు. కొడుకు తాగుతుంటే పెళ్ళి చెయ్యి, తిరుగుతుంటే పెళ్ళి చెయ్యి, పని చేయకపోతే పెళ్ళి చెయ్యి. రోగం అతనిది, చేదు మింగేది ఇంకో ఇంటి ఆడపిల్ల.

బాలచంద్రుడికి పెళ్ళి చేశారు కదా? అయినా తిరిగాడు. తాళి కట్టించగలరు గానీ కట్టుబాటుని కట్టించలేరు. దారికొచ్చిన తర్వాత పెళ్ళి చేసుకుంటే ఆ దారిలో నడవడానికి పెళ్ళి బలమిస్తుంది. దారికి తెచ్చే పనిని మాత్రం పెళ్ళికి అప్పజెప్పకండి. పిల్లల మీద అసలే పెట్టకండి ఆ బరువు.

మారినవాళ్ళ గుర్తులు ఇవీ

మరి నిజంగా మారుతున్నారని ఎలా తెలుస్తుంది? ఒకటి రెండు కాదు, ఇవన్నీ కలిసి, నెలల తరబడి కనపడాలి.

తప్పుని తప్పు అంటారు. “ఏదో అలా జరిగిపోయింది”, “నువ్వు టైమివ్వలేదు కాబట్టే” అనరు. “నేను చేశాను. నీకు చెప్పకుండా చేశాను. అబద్ధం ఆడాను” అంటారు. నెపం మీ మీద వేసే సారీ, సారీ కాదు.

అడక్కుండా తలుపు మూస్తారు. ఆ మూడో మనిషితో మాటలు ఆపేశానని మీరు పదిసార్లు అడిగితే చెప్పడం వేరు, తనే ఆపి, ఆపిన సంగతి తనే చెప్పడం వేరు.

మీ కోపానికి టైమిస్తారు. “ఎన్నిసార్లు చెప్పాలి, అయిపోయిన దాన్ని ఇంకెన్నాళ్ళు తవ్వుతావ్?” అని రెండో వారంలోనే విసుక్కుంటే, అతనికి కావాల్సింది మీ క్షమాపణ మాత్రమే. మీ గాయం మానాలని కాదు. నమ్మకం పోవడానికి ఒక్క రాత్రి చాలు, తిరిగి రావడానికి చాలా రాత్రులు పడుతుంది. ఆ సంగతి తప్పు చేసినవాళ్ళకే ముందు అర్థం కావాలి.

చిన్న మాటలు నిలబెట్టుకుంటారు. ఆరింటికి ఫోన్ చేస్తానంటే చేస్తారు. చేయలేకపోతే చెప్తారు. పెద్ద పెద్ద ఒట్లు, చేతి మీద పచ్చబొట్లు, స్టేటస్‌లో మీ ఫొటోలు... ఇవన్నీ ఒక్క రోజు పని. ఆరింటి ఫోన్ రోజూ పని.

మీరు చూడనప్పుడు కూడా అలాగే ఉంటారు. దీన్ని మీరు కనిపెట్టలేరు. కాలమే బయటపెడుతుంది.

పాస్‌వర్డ్ ఇచ్చేస్తే అయిపోతుందా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. గొడవయ్యాక ఫోన్ చేతికిచ్చి “ఇదిగో చూసుకో” అంటారు. కొన్నాళ్ళు అది మంచిదే. కాలిన చోట మందు రాసినట్టు ఉంటుంది. కానీ రోజూ లాస్ట్ సీన్ చూడటం, లొకేషన్ షేర్ చేయించుకోవడం, వీడియో కాల్‌లో రూమంతా తిప్పి చూపించమనడం మొదలైతే అది నమ్మకం కాదు, కాపలా. కాపలా ఉన్నంతసేపు దొంగ మంచివాడే. పైగా కాపలా కాసేవాళ్ళకీ నిద్ర ఉండదు. ఆర్నెల్లయినా ఫోన్ చూడకుండా ఉండలేకపోతున్నారంటే, ఆ మనిషి మారలేదని గానీ, మీ మనసు ఇక నమ్మలేదని గానీ అర్థం. రెండింట్లో ఏదైనా మీరు ఒప్పుకోవాల్సిన నిజమే.

ఇంకొకటి. ‘నేను ఒక్కడికే కట్టుబడ్డాను కాబట్టి నువ్వు ఎవరితోనూ మాట్లాడకూడదు, ఆ డ్రెస్ వేసుకోకూడదు, ఉద్యోగం మానేయాలి’ అనేవాడు నమ్మకస్తుడు కాదు. కట్టుబాటు అంటే తనని తాను కట్టుకోవడం, ఎదుటివాళ్ళని కట్టేయడం కాదు.

ఇక్కడ మాత్రం ఎదురుచూడకండి

మోసం చేసినవాళ్ళకి ఇంకో అవకాశం ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం. చెయ్యి చేసుకునేవాళ్ళ దగ్గర, ఫొటోలు బయటపెడతానని బెదిరించేవాళ్ళ దగ్గర, “నువ్వు కాదంటే చచ్చిపోతా, చంపేస్తా” అనేవాళ్ళ దగ్గర ఆ లెక్కే వద్దు. అతను ఎప్పటికి ఎదుగుతాడా అని మీరు దెబ్బలు తింటూ కూర్చోనక్కర్లేదు. ప్రమాదం ఉంటే 112కి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

చట్టం సంగతి కూడా నాలుగు ముక్కల్లో తెలుసుకోండి. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అంటే దానికి జైలు లేదు. అయితే హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడగడానికి అది ఇప్పటికీ కారణమే. పెళ్ళి చేసుకునే ఉద్దేశం లేకుండానే చేసుకుంటానని మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకుంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. ప్రేమించి, కుదరక విడిపోవడం మాత్రం నేరం కాదు. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 చట్టం, పెళ్ళి లాంటి సహజీవనంలో ఉన్న మహిళలకీ వర్తిస్తుంది.

సిగ్గుపడి దాటేసే ఇంకో మాట. తోడు ఇంకొకరితో శారీరకంగా కలిశారని తెలిస్తే ఏడుపు అయ్యాక చేయాల్సిన మొదటి పని పరీక్షలు. ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. 1097 నంబరుకి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్ళాలో చెప్తారు. వెంటనే చేసే పరీక్షలో బయటపడకపోవచ్చు, మళ్ళీ ఎప్పుడు చేయించుకోవాలో అక్కడే అడగండి. “నన్ను నమ్మవా?” అని ఎవరైనా అడ్డుపడితే, ఇది నమ్మకం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి అని చెప్పండి.

ఒట్టు పెట్టినవాళ్ళకి రెండు మాటలు

ఇది చదువుతున్న మీరే ఆ ‘మారిపోయా’ అన్న మనిషి అయితే, మీతో కూడా మాట్లాడాలి. మీరు చెడ్డవాళ్ళు కాకపోవచ్చు. ఒంటరితనమో, ఎవరో మెచ్చుకుంటే కలిగే కిక్కో, ఇంట్లో చెప్పే ధైర్యం లేక దొరికిన అడ్డదారో ఏదో ఉండి ఉంటుంది. అదేంటో ముందు మీరు కనిపెట్టండి. ఎందుకు చేశానో తెలియకుండా ‘ఇక చేయను’ అనే మాటకి పునాది ఉండదు. ఆ అర్ధరాత్రి చాట్ ఏ టైములో మొదలయ్యేది? మందు తాగినప్పుడా, గొడవైనప్పుడా, ఏమీ తోచనప్పుడా? ఆ టైములో ఇప్పుడేం చేస్తున్నారు? ఈ ప్రశ్నకి జవాబుంటే మీరు మారుతున్నట్టే. లేకపోతే ఇంకో ఒట్టు పెట్టకండి. మిమ్మల్ని ప్రేమించిన మనిషి నెత్తి మీద అస్సలు పెట్టకండి.

ఒకవేళ ఒక్కరికే కట్టుబడి ఉండటం ఇప్పుడు మీ వల్ల కాదని తెలిస్తే, ఆ మాటే చెప్పేయండి. అది వాళ్ళని ఏడిపిస్తుంది. కానీ వాళ్ళ ఇరవైల్లోంచి ఇంకో మూడేళ్ళు దొంగిలించదు.

ఇంతకీ ఆ అమ్మాయి?

మళ్ళీ ఘాట్ రోడ్డు మలుపు దగ్గరికొద్దాం. పొద్దు కుంకుతోంది. అబ్బాయి ఇంకా బతిమాలుతున్నాడు. అమ్మాయి అతని వైపు తిరిగింది.

“నీ ఒట్టు నాకొద్దు. మొన్న మా వీధిలో ఏడ్చావు చూడు, అదీ నమ్మాననే అనుకో. అయినా ఇప్పుడే సరే అనను. దసరా దాకా చూస్తా. ఈలోపు మీ అక్కకి నా సంగతి చెప్పు. ఆ అమ్మాయికి నువ్వే చెప్పు, నా ముందు కాదు, నీయంతట నువ్వే. నన్ను ఏమార్చాలనుకుంటే నీ ఇష్టం, నేను నీ ఫోన్ ముట్టుకోను. దసరాకి నాకు నచ్చితే ఉంటా, నచ్చకపోతే పోతా. ఎందుకు పోతున్నావని మాత్రం అడగొద్దు.”

“ఏందే, ఎగ్జామ్ పెడుతున్నావా?”

“ఎగ్జామ్ నీకే కాదు, నాక్కూడా. నీ మీద పిచ్చితో నన్ను నేను మోసం చేసుకుంటున్నానా లేదా అని.”

గడువు పెట్టడం అంటే ఇదీ. అతనికి మారడానికి టైమిచ్చింది, తన జీవితాన్ని మాత్రం అతని చేతికివ్వలేదు. ఆ నెలల్లో ఆమె మిల్లుకి వెళ్తుంది, బ్యాంకు పరీక్షలకి చదువుతుంది, స్నేహితులతో నవ్వుతుంది. అతను మారితే సంతోషం. మారకపోతే దుఃఖం ఉంటుంది, కానీ చేతిలో తన బతుకు ఉంటుంది.

మనుషులు మారతారు. అందరూ కాదు, అందరి కోసమూ కాదు, ఒక్క రాత్రిలో అసలు కాదు. బైకు కొండ దిగింది. రేపు సోమవారం. అతను వాళ్ళ అక్కకి ఫోన్ చేస్తాడో లేదో రేపు చూద్దాం.